మేధాశ్రమకు మూల్యం: ఇమాన్యుయేల్ లాస్కర్ జీవితం

1900 ఆగస్టు 12వ తేదీన, న్యూయార్క్ నగరాన్ని ఆనుకొని ఉన్న వార్డ్స్ ద్వీపంలోని మానసిక చికిత్సాలయంలో ఒక వృద్ధుడు కన్నుమూశాడు. ఆయన పేరు విల్‌హెల్మ్ స్టైనిట్జ్. 1886 నుండి 1894 వరకు ప్రపంచ చదరంగ విజేతగా వెలుగొందినవాడు. కేవలం ఊహాశక్తిపై ఆధారపడి సాగుతున్న ఆటకు శాస్త్రీయమైన పునాది వేసినవాడు. కడు పేదరికంలో, మతి చలించిన స్థితిలో ఆయన జీవితం ముగిసింది.

ఆయన నుండి విజేత స్థానాన్ని గెలుచుకున్న ఇమాన్యుయేల్ లాస్కర్‌కు అప్పటికి 31 సంవత్సరాలు. ఆ వేసవిలోనే పారిస్ అంతర్జాతీయ టోర్నమెంటులో ప్రథమ స్థానం పొంది, ఆ వెంటనే చదరంగాన్ని పక్కనపెట్టి ఆయన గణిత పరిశోధనలో మునిగిపోయాడు. లాస్కర్ 27 సంవత్సరాల పాటు ప్రపంచ విజేతగా నిలిచాడు. ఇంతటి సుదీర్ఘకాలం ఆ పదవిలో ఉన్నవారు చదరంగ చరిత్రలో మరొకరు లేరు. ఆధునిక బీజగణితంలో ఆయన పేరు శాశ్వతంగా నిలిచి ఉంది. అయినా సమకాలికులలో చాలామంది ఆయనను సొమ్ము కోసం బేరమాడే మనిషిగానే చెప్పుకొన్నారు. స్టైనిట్జ్ అంతిమ దినాలను గుర్తుంచుకొని చూస్తే ఆ బేరం వెనుక ఉన్న ప్రశ్న అర్థమవుతుంది. ఆలోచించడమే వృత్తిగా గల మనిషి శ్రమకు వెల ఎంత? దానిని ఎవరు చెల్లించాలి? లాస్కర్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

కాఫీ హోటళ్ల విద్యార్థి

లాస్కర్ 1868 డిసెంబర్ 24న ప్రష్యా రాజ్యంలోని బెర్లిన్‌హెన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం నేడు పోలండ్‌లో బార్లినెక్ అనే పేరుతో ఉంది. తండ్రి యూదుల ప్రార్థనా మందిరంలో గాయకుడు, తాత మతగురువు. కుటుంబంలో విద్యకు గౌరవం ఉన్నంతగా ధనం లేదు. గణితంలో బాలుని ప్రతిభను గమనించిన తల్లిదండ్రులు 11 సంవత్సరాల వయస్సులో అతనిని బెర్లిన్‌కు పంపారు. అక్కడ వైద్యవిద్య అభ్యసిస్తున్న అన్న బెర్తోల్డ్ తమ్మునికి ఆశ్రయమిచ్చాడు. చదరంగం నేర్పినవాడూ ఆయనే.

భారతదేశంలో చతురంగంగా పుట్టి, పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరిన ఈ క్రీడ శతాబ్దాల తరబడి రాజుల కొలువులలోనూ ప్రభువుల ఇండ్లలోనూ ఆదరణ పొందింది. 19వ శతాబ్దం నాటికి అది కాఫీ హోటళ్లకు తరలివచ్చింది. రాజాశ్రయం పోయిన చోట పందెం వచ్చింది. లండన్, పారిస్, వియన్నా, బెర్లిన్ నగరాల కాఫీ హోటళ్లలో నిపుణులైన ఆటగాళ్లు చిల్లర పందేలకు ఆడుతూ పొట్ట పోసుకునేవారు. బెర్లిన్‌లోని కైజర్‌హాఫ్ కాఫీ హోటలు అటువంటి వాటిలో ఒకటి. విద్యార్థి అయిన లాస్కర్ అక్కడ చదరంగమూ పేకాటా ఆడి చదువు ఖర్చులకు కొంత సంపాదించుకునేవాడు. 1888-89 శీతకాలంలో అక్కడ జరిగిన టోర్నమెంటులో ఆడిన 20 ఆటలూ గెలిచాడు. 1889లో బ్రెస్లౌ నగరంలో నెగ్గి మాస్టర్ హోదా పొందాడు.

ఆ తరువాత ఆయన లండన్‌లోనూ అమెరికాలోనూ ఆడాడు. 1893లో న్యూయార్క్ టోర్నమెంటులో 13 ఆటలకు 13 గెలవడంతో ఆయన పేరు మారుమ్రోగింది. అదే సంవత్సరం న్యూ ఆర్లియన్స్‌లోని తులేన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం గణితం బోధించాడు. చదరంగంతో సంపాదన, గణితంతో సాధన అనే ఈ ద్విముఖ జీవితం అప్పటినుండే స్పష్టంగా కనిపిస్తుంది.

విజేత స్థానం, పందెం సొమ్ము

ఆ రోజులలో ప్రపంచ విజేత పోటీని నిర్వహించే సంస్థ ఏదీ లేదు. సవాలు చేసిన వ్యక్తి పందెం సొమ్ము సమకూర్చుకోవాలి. విజేతతో షరతులు కుదుర్చుకోవాలి. ఆ సొమ్మును సాధారణంగా ఆటగాని నైపుణ్యంపై నమ్మకం ఉన్న పోషకులు పెట్టేవారు. కనుక పోటీకి ముందే మరొక పోటీ జరిగేది. అది పెట్టుబడిని సేకరించే పోటీ.

1894లో స్టైనిట్జ్‌ను సవాలు చేసినప్పుడు ఇరువైపులా 5,000 డాలర్ల చొప్పున పందెం ఉండాలని లాస్కర్ కోరాడు. 3,000 డాలర్లకు ఒప్పందం కుదిరింది. అయితే అంత సొమ్మును కూడగట్టడం 25 సంవత్సరాల యువకునికి సాధ్యం కాలేదు. స్టైనిట్జ్ పలు దఫాలుగా తగ్గించడానికి అంగీకరించగా చివరకు 2,000 డాలర్ల వద్ద బేరం స్థిరపడింది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, మాంట్రియల్ నగరాలలో జరిగిన ఆ పోటీలో లాస్కర్ 10 ఆటలు గెలిచి, 5 ఓడి, 4 డ్రా చేసుకొని ప్రపంచ విజేత అయ్యాడు. 1896-97లో మాస్కోలో జరిగిన పునఃపోటీలో 10 గెలిచి 2 మాత్రమే ఓడాడు. ఈ రెండవ ఓటమి తరువాత నాలుగేళ్లు తిరగకముందే స్టైనిట్జ్ మరణించాడు. తనను ఆదరించి పందెం తగ్గించిన పెద్దమనిషికి పట్టిన గతిని లాస్కర్ చూశాడు.

గణిత సాధన

లాస్కర్ బెర్లిన్, గోటింగెన్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో గణితం చదివాడు. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో మాక్స్ నోయెథర్ అనే ప్రసిద్ధ గణితాచార్యుని పర్యవేక్షణలో అనంత శ్రేణులపై పరిశోధన చేశాడు. ఈ పరిశోధన 1901లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది. అదే సంవత్సరం మాంచెస్టర్‌లో విక్టోరియా విశ్వవిద్యాలయంలో స్వల్పకాలం బోధించాడు. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఆయనకు ఎక్కడా లభించలేదు.

ఆయన గణితకృషిలో శిఖరాయమానమైనది 1905లో ఒక ప్రముఖ జర్మన్ గణిత పత్రికలో వెలువడిన వ్యాసం. దాని సారాంశాన్ని ఒక పోలికతో గ్రహించవచ్చు. 360 అనే సంఖ్యను 8, 9, 5 అనే మూడు సంఖ్యల లబ్ధంగా వ్రాయవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ ఒకే ప్రధాన సంఖ్య నుండి పుట్టినది: 8 రెండు నుండి, 9 మూడు నుండి, 5 తన నుండే. ఏ పూర్ణసంఖ్యనైనా ఇలా మూల ఘటకాలుగా విడగొట్టవచ్చునని పాఠశాల విద్యార్థులకు కూడా తెలుసు. అనేక చరరాశులు గల బీజ సమీకరణాల సముదాయాలను కూడా ఇట్లాగే మూల ఘటకాలుగా విడదీయవచ్చునా అన్నది ఆనాటి ప్రశ్న. బహుపదుల విషయంలో అది సాధ్యమేనని లాస్కర్ నిరూపించాడు. జ్యామితి భాషలో చెప్పాలంటే, సమీకరణాలు నిర్వచించే సంక్లిష్టమైన ఆకృతి ఎటువంటిదైనా, ఇక విడదీయరాని కొన్ని ఆకృతుల కలయికే అవుతుంది.

ఇంతటి ఫలితాన్ని సాధించిన వ్యక్తి విశ్వవిద్యాలయ జీతం లేకుండా, చదరంగ ప్రదర్శనల మీద వచ్చే ఆదాయంతో గణితం సాధన చేశాడు. విద్యాపీఠాల వెలుపల ఉన్న గణితవేత్తకు జీవనోపాధి ఎంత కష్టమో మన దేశంలోనూ ఆ కాలమే సాక్ష్యం చెబుతుంది. 1912లో శ్రీనివాస రామానుజన్ నెలకు 30 రూపాయల జీతంపై మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరవలసి వచ్చింది. రామానుజన్‌కు లెక్కల పద్దు పుస్తకం ఎటువంటిదో, లాస్కర్‌కు చదరంగ బల్ల అటువంటిది.

షరతుల పోరాటం

ప్రపంచ విజేతగా లాస్కర్ తన హక్కుల విషయంలో రాజీ పడలేదు. పోటీలలో పాల్గొనడానికి అధిక పారితోషికం అడిగాడు. ఆటలను ముద్రించి విక్రయించే హక్కు ఆటగాళ్లకే ఉండాలని వాదించాడు. ఆటను చూడడానికి ప్రేక్షకులు రుసుము చెల్లిస్తారు. పత్రికలు ఆ ఎత్తులను అచ్చువేసి లాభం పొందుతాయి. ఆ ఎత్తులను సృష్టించిన మేధకు మాత్రం ఏమీ దక్కదు. ఇది ఆయనకు అన్యాయంగా తోచింది. కవికి తన కావ్యంపై ఉన్న హక్కు వంటిదే ఆటగానికి తన ఆటపై ఉండాలన్నది ఆయన వాదన సారం.

ఈ వైఖరికి మరొక పార్శ్వం కూడా ఉంది. 1897 తరువాత పదేళ్ల పాటు ఆయన విజేత స్థానాన్ని పణంగా పెట్టలేదు. 1907లో మార్షల్, 1908లో టారష్ ఆయన చేతిలో ఓడారు. 1910లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ష్లెక్టర్‌తో 30 ఆటల పోటీ జరుపవలెనని తలపెట్టారు. నిధులు చాలక అది 10 ఆటలకు కుదించబడింది. చివరి ఆటకు ముందు ష్లెక్టర్ ఒక ఆట ఆధిక్యంలో ఉన్నాడు. ఆఖరి ఆటను గెలిచి లాస్కర్ పోటీని 5-5తో సమం చేసి తన స్థానాన్ని నిలుపుకున్నాడు. 1911లో క్యూబా యువకుడు హోసే రౌల్ కాపాబ్లాంకా సవాలు చేసినప్పుడు లాస్కర్ విధించిన షరతులు కఠినమైనవి. వేదికనూ పందెం సొమ్మునూ విజేతే నిర్ణయించాలి. ఆటల ప్రచురణ హక్కు విజేతకే ఉండాలి. సవాలు చేసిన వ్యక్తి 2,000 డాలర్ల హామీ సొమ్ము ముందుగా కట్టాలి. అన్నిటినీ మించి, రెండు ఆటల ఆధిక్యం లేనిదే విజేత స్థానం చేతులు మారదు. ఈ చివరి షరతు అన్యాయమని కాపాబ్లాంకా విమర్శించాడు. ఆ విమర్శలోని పదజాలానికి లాస్కర్ నొచ్చుకొని సంప్రదింపులను తెంచివేశాడు. 1914 వరకు వారిద్దరి మధ్య మాటలు లేవు.

కాపాబ్లాంకా అభ్యంతరంలో న్యాయం ఉంది. జీవనోపాధిని కాపాడుకోవడం వేరు. పోటీ నియమాలను తనవైపు వంచుకోవడం వేరు. ఈ రెంటి నడుమ ఉన్న గీతను లాస్కర్ కొన్నిసార్లు దాటాడు. దాని ఫలితం అనుభవించినవారు ఇతరులు. ఆ కాలపు మహోన్నత ఆటగాళ్లలో ఒకడైన అకీబా రూబిన్‌స్టైన్‌తో పోటీ 1914 అక్టోబరుకు గాని అనుకోబడలేదు. అంతలో ప్రపంచయుద్ధం వచ్చిపడడంతో అది జరగనే లేదు.

అయితే చరిత్ర ఈ వివాదానికి ఒక విచిత్రమైన ముగింపు కూర్చింది. 1921లో విజేత అయిన కాపాబ్లాంకా మరుసటి సంవత్సరమే లండన్‌లో కొత్త నిబంధనలను ప్రతిపాదించాడు. వాటి ప్రకారం సవాలు చేసే వ్యక్తి 10,000 డాలర్ల బహుమతి నిధిని సమకూర్చవలసి ఉంటుంది. అందులో 20 శాతం ముందుగా విజేతకు పారితోషికంగా చెల్లించాలి. ఒకనాడు లాస్కర్ షరతులను నిరసించిన వ్యక్తి తాను ఆ స్థానంలో కూర్చున్నాక మేధాశ్రమకు అంతకంటే ఎక్కువ వెల కట్టాడు.

కరిగిపోయిన కొలమానం

1911లో లాస్కర్ మార్తా కోన్ అనే వితంతువును వివాహం చేసుకొని బెర్లిన్‌లో స్థిరపడ్డాడు. ఆమె సంపన్నురాలు, రచయిత్రి. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నమెంటులో కాపాబ్లాంకాను అరపాయింటు తేడాతో వెనుకకు నెట్టి ప్రథమ స్థానం పొందాడు. ఆటలోనూ ఆర్థికంగానూ ఆయన నిలదొక్కుకున్న దశ అది. ఆ వేసవి ముగియకముందే యుద్ధం ప్రారంభమైంది.

జర్మనీ ప్రభుత్వం యుద్ధవ్యయాన్ని పన్నులతో కంటె ప్రధానంగా ప్రజల నుండి అప్పు తీసుకొని భరించింది. 1914 నుండి 1918 వరకు సంవత్సరానికి రెండు పర్యాయాలు, మొత్తం 9 విడతలుగా, 5 శాతం వడ్డీపై యుద్ధ రుణపత్రాలను విక్రయించింది. లాస్కర్ తాను కూడబెట్టుకున్న సొమ్మంతటినీ ఆ రుణపత్రాలలో మదుపు చేశాడు. జర్మనీ ఓడితే నాగరికతకే ముప్పు అని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం కూడా వ్రాశాడు. ప్రతి ఎత్తుకూ ఎదుటివాని సమాధానాన్ని ముందే లెక్కించే మనిషి, ఇక్కడ మాత్రం దేశాభిమానానికి లోబడి ఒకే గడిలో తన బలగమంతా నిలిపాడు.

ఆ తరువాత జరిగినది ఆర్థిక చరిత్రలో ప్రసిద్ధమే. యుద్ధానికి ముందు ఒక డాలరుకు సుమారు 4.2 మార్కులు. 1923 నవంబరు నాటికి ఒక డాలరు విలువ 4,20,000 కోట్ల మార్కులు. 1,000 మార్కుల రుణపత్రం 1914 నాటి లెక్కలో దాదాపు 238 డాలర్లకు సమానం. 1923 చివరకు దాని విలువ ఒక సెంటులో లేశమైనా కాదు. రుణపత్రంపై అచ్చువేసిన అంకె మారలేదు. ఆ అంకెను కొలిచే కొలమానమే కరిగిపోయింది. జీవితకాలం మేధకు తగిన వెల కోసం పోరాడినవాని చేతిలో వెలను కొలిచే సాధనమే కాగితమైంది.

ఆ యుద్ధం తోటి ఆటగాళ్లను ఇంకా దారుణంగా దెబ్బతీసింది. 1910లో లాస్కర్‌ను ఓటమి అంచుకు తెచ్చిన ష్లెక్టర్ 1918 డిసెంబరులో బుడాపెస్ట్‌లో తిండి లేక క్షీణించి, న్యుమోనియాతో మరణించాడు.

1920లో లాస్కర్ తన బిరుదును పోటీ లేకుండానే కాపాబ్లాంకాకు వదలుకుంటున్నట్లు ప్రకటించాడు. కాపాబ్లాంకా మాత్రం బల్ల మీద గెలవాలనే కోరాడు. హవానాలో పోటీ జరిగే పక్షంలో క్యూబా అభిమానులు 20,000 డాలర్లు సమకూరుస్తామన్నారు. ఒకప్పుడు ఆ నగరపు ఉష్ణ వాతావరణంలో సుదీర్ఘంగా ఆడడానికి సమ్మతించని లాస్కర్, 52వ ఏట 1921 వసంతంలో అక్కడికి వెళ్లాడు. ఒక్క ఆటా గెలవకుండా నాలుగు ఓడి, పది డ్రాలతో పోటీని విరమించాడు.

అదే 1921లో మాక్స్ నోయెథర్ కుమార్తె ఎమ్మీ నోయెథర్ ఒక మహత్తర వ్యాసాన్ని ప్రచురించింది. 1905లో లాస్కర్ బహుపదులకు నిరూపించిన సిద్ధాంతాన్ని ఆమె ఎంతో విస్తృతమైన బీజ వ్యవస్థలకు అన్వయించి చూపింది. నేటి గణిత విద్యార్థులు దానిని లాస్కర్–నోయెథర్ సిద్ధాంతంగా చదువుతున్నారు. చదరంగ కిరీటం పోయిన సంవత్సరమే ఆయన గణిత ఫలితానికి శాశ్వత స్థానం ఏర్పడింది.

ఆట నుండి అర్థశాస్త్రానికి

లాస్కర్ ఆలోచనకు చదరంగం ఒక ఉదాహరణ మాత్రమే. 1907లో వెలువరించిన ‘పోరాటం’ అనే గ్రంథంలో ఆయన యుద్ధానికీ వాణిజ్యానికీ ఆటకూ సమానంగా వర్తించే సూత్రాలను అన్వేషించాడు. బలగాన్ని పొదుపుగా వినియోగించడం ఆయన దృష్టిలో మూలసూత్రం. 1929లో పేకాటపైనా 1931లో వివిధ జాతుల బల్ల ఆటలపైనా పుస్తకాలు ప్రచురించాడు. రెండవ పుస్తకంలో గుట్టల నుండి రాళ్లు తీసే ‘నిమ్’ ఆటకు ఒక కొత్త రూపాన్ని విశ్లేషించాడు. ఆ రూపంలో ఆటగాడు రాళ్లు తీయడానికి బదులు ఒక గుట్టను రెండుగా విడగొట్టవచ్చు. ఇటువంటి ఆటలన్నిటికీ వర్తించే సామాన్య సిద్ధాంతాన్ని 1935లో స్ప్రేగ్, 1939లో గ్రండీ వేర్వేరుగా కనుగొన్నారు.

ఈ లోపల 1928లో జాన్ వాన్ న్యూమన్ ఆటలలోని వ్యూహాలపై తన ప్రసిద్ధ గణిత వ్యాసాన్ని ప్రచురించాడు. 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి దానిని ఆర్థిక వ్యవహారాలకు అన్వయించాడు. బేరం, వేలం, పోటీ ధరల వంటి విషయాలను ఆటల వలె గణితంతో విశ్లేషించే శాస్త్రం అట్లా రూపుదిద్దుకుంది. లాస్కర్ ‘పోరాటం’లో గణిత నిరూపణలు లేవు, కాని ఆ శాస్త్రం వేసిన ప్రశ్నను ముందుగా వేసినవారిలో ఆయన ఒకడు. చదరంగానికీ ధనశాస్త్రానికీ మధ్య ఉన్న ఈ బాటలో తరువాత నడిచినవారూ ఉన్నారు. 1978లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందిన అమెరికన్ కెన్నెత్ రోగాఫ్ ఆర్థికవేత్తగా మారి, 2001 నుండి 2003 వరకు అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థలో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేశాడు.

పొదుపు సూత్రాన్ని లాస్కర్ విద్యకు కూడా వర్తింపజేశాడు. తన చదరంగ పాఠ్యగ్రంథం చివరలో ఆయన ఒక లెక్క వేశాడు. నియమాలకు 5 గంటలు, ప్రాథమికమైన ఆట ముగింపులకు 5, ఆరంభాలకు 10, ఎత్తుల కూర్పుకు 20, స్థితిని అంచనా వేసి ఆడడానికి 40, ఆటకూ విశ్లేషణకూ 120. మొత్తం 200 గంటలు. సరియైన పద్ధతిలో ఇంత కాలం వెచ్చిస్తే విశేష ప్రతిభ లేనివాడు కూడా చక్కని ఆటగాడు కాగలడని ఆయన విశ్వాసం. లోకం వ్యర్థపరచే మేధాశ్రమ పట్ల ఆయనకున్న బాధ ఈ చిన్న పట్టికలో వ్యక్తమవుతుంది.

చివరి ఎత్తులు

ఓటమి తరువాత కూడా ఆయన శక్తి తరగలేదు. 1924లో న్యూయార్క్ టోర్నమెంటులో 55 సంవత్సరాల వయస్సులో 20 ఆటలకు 16 పాయింట్లు సాధించి, కాపాబ్లాంకా, అలేఖిన్‌ల కంటె ముందు నిలిచాడు. 1925లో మాస్కోలో ద్వితీయ స్థానం పొందిన తరువాత పోటీలకు దూరమై, గ్రంథరచనలోనూ బ్రిడ్జి ఆటలోనూ కాలం గడిపాడు.

1933లో నాజీలు అధికారానికి రావడంతో ఆ ప్రశాంతత ముగిసింది. యూదులైన లాస్కర్ దంపతులు జర్మనీ విడిచి వెళ్లారు. బెర్లిన్‌లోని ఇల్లు, గ్రామీణ ప్రాంతంలోని భూమి జప్తు అయ్యాయి. మొదటిసారి ద్రవ్యోల్బణం హరించింది. రెండవసారి రాజ్యమే హరించింది. గోటింగెన్‌లో బోధిస్తున్న ఎమ్మీ నోయెథర్ కూడా ఆ సంవత్సరమే ఉద్యోగం పోగొట్టుకొని అమెరికా చేరింది.

జీవనోపాధి కోసం లాస్కర్ మళ్లీ చదరంగ బల్ల ముందు కూర్చున్నాడు. 1935లో మాస్కో టోర్నమెంటులో 66 సంవత్సరాల ఆ వృద్ధుడు ఒక్క ఆటా ఓడిపోకుండా, బొట్విన్నిక్, ఫ్లోర్‌ల కంటె అరపాయింటు మాత్రమే వెనుక ఉండి తృతీయ స్థానం సాధించాడు. కాపాబ్లాంకా ఆయనకు వెనుక నాలుగవ స్థానంలో నిలిచాడు. సోవియట్ ప్రభుత్వంలో ఉన్నత పదవిలో ఉన్న నికొలాయ్ క్రిలెంకో ఆహ్వానంపై ఆయన మాస్కోలో నివసించి, విజ్ఞాన అకాడమీకి చెందిన గణిత సంస్థలో స్థానం పొందాడు. చిరకాలం ఎదురుచూసిన గణిత పదవి జీవిత సంధ్యలో, పరాయి దేశంలో లభించింది. అదీ నిలువలేదు. 1937లో దంపతులు మాస్కో వదలి న్యూయార్క్ చేరారు. మరుసటి సంవత్సరం క్రిలెంకో స్టాలిన్ పాలనలో కాల్చివేతకు గురయ్యాడు.

న్యూయార్క్‌లో చదరంగం, బ్రిడ్జిలపై ఉపన్యాసాలు, ప్రదర్శనలు ఇస్తూ ఆయన రోజులు గడిపాడు. 1940లో భావి సమాజంపై ఒక గ్రంథం వెలువరించి, నిరుద్యోగం, యూదు ద్వేషం వంటి సమస్యలకు పరిష్కారాలు సూచించాడు. తాను అనుభవించిన రెండు కష్టాలనే ఆయన చివరిసారిగా పరిశీలనకు ఎన్నుకున్నాడు. 1941 జనవరి 11న, 72 సంవత్సరాల వయస్సులో, న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో ఉచిత చికిత్స పొందే రోగిగా లాస్కర్ మరణించాడు. ఏ గతి తనకు పట్టకూడదని ఆయన నలభై ఏళ్లు శ్రమించాడో, దాదాపు ఆ గతే, ఆ నగరంలోనే ఎదురైంది.

తరువాతి తరాలు

లాస్కర్ వాదన మాత్రం ఆయనతో అంతరించలేదు. 1924లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1948 నుండి ప్రపంచ విజేత పోటీల నిర్వహణను చేపట్టింది. ఆటగాడు తానే పెట్టుబడి వెదుక్కొనే పరిస్థితి క్రమంగా తొలగింది. 1972లో ఫిషర్ పోటీకి రావడానికి నిరాకరించినప్పుడు బ్రిటిష్ ధనికుడు జిమ్ స్లేటర్ బహుమతి నిధిని రెట్టింపు చేయగా అది 2,50,000 డాలర్లకు చేరింది. ఫిషర్‌ను కూడా లోకం దురాశాపరుడన్నది. కాని ఆ తరువాత వచ్చిన ఆటగాళ్లందరూ ఆ పెరుగుదల ఫలాన్ని అనుభవించారు.

ఆటలపై హక్కు విషయంలో లాస్కర్ వాదన నెగ్గలేదు. 2016లో న్యూయార్క్‌లో ప్రపంచ విజేత పోటీ జరిగినప్పుడు, ఎత్తులను ఇతరులు ప్రసారం చేయకుండా నిలిపివేయాలని నిర్వాహకులు కోరగా అక్కడి ఫెడరల్ న్యాయస్థానం తిరస్కరించింది. ఒకసారి బల్ల మీద వేసిన ఎత్తు అందరిదీ అవుతుందన్నదే నేటికీ చెల్లుతున్న సూత్రం.

మన ఉపఖండం ఈ చరిత్రకు వెలుపల లేదు. లాస్కర్ బెర్లిన్‌లో పేకాటపై పుస్తకం వ్రాస్తున్న రోజులలోనే పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్, సర్ ఉమర్ హయత్ ఖాన్ ఆశ్రయంలో ఇంగ్లండు వెళ్లాడు. 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేతగా నిలిచాడు; హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాను ఓడించాడు. ప్రభువు స్వదేశానికి మరలగానే ఆయన కూడా మరలివచ్చాడు. అంతర్జాతీయ పోటీలలో మళ్లీ కనిపించలేదు. 2024లో, మరణానంతరం, అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు నిచ్చింది. లాస్కర్ బేరమాడాడు, సుల్తాన్ ఖాన్‌కు బేరమాడే అవకాశమే లేదు. ఆశ్రయం ఎంత ఉదారమైనదైనా అది ఆశ్రితుని చేతిలో ఉండదని ఆయన జీవితం తెలుపుతుంది.

అదే 2024 డిసెంబరులో, చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 18 సంవత్సరాల వయస్సులో సింగపూర్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ పోటీ బహుమతి నిధి 25 లక్షల డాలర్లు. ఆ పోటీకి ముందు గుకేశ్ పందెం సొమ్ము కోసం ఎవరినీ అర్థించనవసరం లేకపోయింది. స్టైనిట్జ్ మరణించిన ఆసుపత్రికీ సింగపూర్ వేదికకూ మధ్య ఉన్న 124 సంవత్సరాల దూరంలో, సమకాలికుల నిందను భరిస్తూ తన శ్రమకు వెల అడిగిన ఒక గణితవేత్త పాత్ర తక్కువది కాదు.